బిడ్డ కోసం పట్టిన వాన

2019 జూన్ 21, శుక్రవారం

రాయకుండా ఉండలేకపోతున్నాను. ఏడో తరగతి తప్పినవాడికి డైరీ ఎందుకని ఎవరైనా నవ్వితే నవ్వనీ. విత్తనాల దుకాణంవాళ్లు సంక్రాంతి ముందు ఇచ్చిన ఈ పుస్తకంలో ఇప్పటిదాకా మోటరు మెకానిక్ నంబరు తప్ప ఒక్క అక్షరం లేదు. ఇవాళ మొదలు.

స్వరూపకు అయిదో నెల!

పెళ్లయి తొమ్మిదేళ్లు. ఎన్ని దవాఖానలు, ఎన్ని మొక్కులు! నా బిడ్డ పొద్దున మహబూబ్‌నగర్ నుంచి ఫోన్ చేసి, "నాయినా, జర కూసో. నిలబడి ఇనకు" అంది. ఎవరికేమైందోనని మంచం దగ్గరికి లాక్కున్నాను. "నువ్వు తాతవైతున్నవ్" అంది. కూర్చోవడం కాదు, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి ఉరికాను.

పక్కింటి బీరన్న పంక్చర్ వేస్తున్నాడు. "ఏందే లచ్చయ్యా, లాటరీ తగిలిందా?" అన్నాడు.

"తగిలింది."

"ఎంత?"

"ఒకటి. రెండైనా నాకు ఇష్టమే."

వాడికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక గ్రీసు చేతులతోనే కౌగిలించుకున్నాడు. అంగీ పోతే పోయింది.

ఇంటికొచ్చి సైదమ్మకు చెప్తే ఆమె చాటలో బియ్యం చెరుగుతూనే, "నాకు మూడో నెలల్నే తెల్సు. నీకు చెప్తే ఊరంత డప్పు కొడ్తవని చెప్పలే" అంది. నా భార్య! నలభై ఏళ్ల కాపురం!

కోపం రాలేదు. ఇవాళ ఎవరి మీదా కోపం రాదు.

జూన్ 23

నిన్న నిద్ర పట్టలేదు. సంతోషంతోనే అనుకున్నాను గానీ, ఆలోచిస్తే అది నీళ్ల గురించి.

ఇరవై రెండేళ్లు ఈ ఊరి బోరు మోటరు నేనే నడిపాను. తెల్లవారుజామున స్విచ్ వేస్తే ఊరంతా బిందెలు మోగేవి. "లచ్చయ్య నీళ్లొచ్చినయ్" అనేవాళ్లు. ఎంత గర్వంగా ఉండేది! ఆ నీళ్లలో ఫ్లోరైడు ఉందని పెద్దసార్లు వచ్చి సీసాల్లో పట్టుకుపోయి చెప్పేసరికి ఊరు సగం వంగిపోయింది. సైదమ్మ మోకాళ్లు లోపలికి తిరిగాయి. నడుము వంగింది. ఇప్పుడు ఆమె నా ముఖం చూడాలంటే నేను కింద కూర్చోవాలి. స్వరూప పళ్ల మీద పసుపు చారలు. నవ్వు వస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది, ఇప్పటికీ. ఆ పళ్లు చూసి ఎన్ని సంబంధాలు తప్పిపోయాయో!

ఇప్పుడు నల్లాలో కృష్ణ నీళ్లు వస్తున్నాయి. మంచివే అంటున్నారు. ఉండొచ్చు. నా నీళ్లను కూడా జనం అట్లాగే నమ్మారు.

పుట్టబోయే బిడ్డ ఎముకల్లోకి ఒక్క చుక్క కూడా అనుమానపు నీళ్లు పోగూడదు. వాన నీళ్లు పడతాను. పైనుంచి వచ్చేవాటిలో ఎవరూ ఏమీ కలపలేరు.

జూన్ 30

ఏడు డ్రమ్ములు తెచ్చాను. ఎడ్లు అమ్మిన తర్వాత వెనక కొట్టం ఖాళీగానే ఉంది. అందులో వరసగా నిలబెట్టాను. ప్లాస్టిక్ పైపు నిలువునా కోసి రేకుల చూరుకు కట్టాను. ఒక డ్రమ్ము నిండితే రెండో దానిలోకి పోయేట్టు. మోటరు పని చేసిన చెయ్యి కదా! సైదమ్మ పాత చీరలు చించి మూతులకు కట్టాను. బీరన్న చూసి, "తాజ్‌మహల్ గూడ ఇంత సోకుగ కట్టలేదే" అన్నాడు.

జూలై 9

కొట్టింది వాన! గంటన్నర. నేను కొట్టంలోనే నిలబడి చూశాను. మొదటి నీళ్లు దుమ్ము పోయేదాకా వదిలేసి, తర్వాతవి పట్టాను. నాలుగు డ్రమ్ములు నిండాయి. దోసిట్లో పట్టి తాగాను. ఉప్పు లేదు, చప్పదనం లేదు. నా తల్లీ, నీకోసం ఆకాశం దిగివచ్చింది.

జూలై 19, శుక్రవారం

ఆశా వర్కర్ శోభ వచ్చింది. మంచి పిల్ల. ఎండలో ఇల్లిల్లూ తిరుగుతుంది. శుక్రవారం డ్రై డే అట. ఇంట్లో నిలవ ఉన్న నీళ్లన్నీ ఒంపి, తొట్లు రుద్ది, ఆరబెట్టాలట.

"గిన్ని నీళ్లు పారబోసుడెందుకు బిడ్డా, మంచి నీళ్లాయె" అన్నాను.

"దోమ మంచి నీళ్లల్లనే గుడ్డు పెడ్తది పెద్దయ్యా. మురికి కాల్వల దోమ వేరే, డెంగీ దోమ వేరే. గుడ్డు పెట్టిన వారం పది దినాల్ల రెక్కలొస్తయ్. గందుకే వారానికోసారి ఒంపమనేది."

"చీర కడితే?"

"గట్టిగ, సందు లేకుంట కట్టాలె. అయినా ఒంపాలె. నీకేమన్న డ్రమ్ములున్నయా?"

వాకిట్లో తొట్టి చూపించాను. ఆమె ముందే ఒంపి, పీచుతో రుద్దాను. మెచ్చుకుంది. "అందరూ నీ లెక్క ఉంటే నాకీ తిప్పలేంది" అంది.

వెనకకు పిలవలేదు. వారానికోసారి ఒంపాలట. వాన వారానికోసారి పడుతుందా ఈ పాలమూరు, నల్గొండల్లో? నీళ్లు పారబోయమని చెప్పేవాళ్లు ఎప్పుడైనా బిందె మోశారా?

మంచి పిల్లే. కాదనను.

జూలై 26

శుక్రవారం. శోభ వచ్చింది. తొట్టి చూపించాను.

జూలై 30

స్వరూపకు ఫోన్ చేశాను. శ్రావణం రాగానే వచ్చెయ్యమన్నాను. "అత్తమ్మ తొమ్మిదో నెలల పంపుతా అంటాంది నాయినా" అంది. బతిమాలాను. వాన నీళ్లు పట్టి పెట్టానని, రెండు నెలలు తాగినా బిడ్డకు బలమని చెప్పాను. చివరికి ఏడ్చినంత పని చేశాను. "సరె తియ్, నాకే రావాలనుందని చెప్తలే. నువ్వు పిలిచినవని తెలిస్తే నిన్నంటది" అంది.

ఎంత తెలివి! ఎంత మనసు!

ఆగస్టు 4, ఆదివారం

వచ్చింది! వచ్చింది! వచ్చింది!

అల్లుడు కృష్ణకాంత్ కారు కిరాయికి మాట్లాడి తెచ్చి దించి, తిని వెళ్లిపోయాడు. మాటలు తక్కువ మనిషి. వెళ్లేముందు మాత్రం, "మామా, జర పైలం" అన్నాడు. నాకు జాగ్రత్తలు చెప్పాలా!

స్వరూప బుగ్గలు నిండాయి. నడిచేటప్పుడు నడుము మీద చెయ్యి వేసుకుంటుంది. సైదమ్మ ముఖం ఎత్తలేదు కాబట్టి ఆమెకు అందరికంటే ముందు కడుపే కనబడుతుంది. దానితోనే మాట్లాడుతుంది. "ఏం రా, ఏం తింటవ్?" అంటుంది.

ఆగస్టు 8

ఇవాళ చిత్రం చూశాను. మూడో డ్రమ్ము చీర తీస్తే నీళ్లలో సన్నని పురుగులు. తోక పైకి పెట్టి, తల కిందికి వేలాడేసి, నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు పోతున్నాయి. ముందు అసహ్యం వేసింది. తర్వాత తోచింది, అరే, ఇవి బతుకుతున్నాయి!

సైదమ్మ వంగి చూసి, "గవి దోమ పిల్లలు. శోభ చెప్పలే? పారబొయ్యి" అంది.

"పురుగు బతుకుతాందంటే నీళ్లల్ల విషం లేనట్టే గదనే. మన బోరు నీళ్లల్ల ఎన్నడన్న ఒక్క పురుగును చూసినవా?"

"లే."

"మరి?"

నా మోటరు నీళ్లు ఇరవై రెండేళ్లు అద్దంలా మెరిసేవి. ఆ మెరుపే అందరినీ వంచింది. పురుగున్న నీళ్లను మనిషి నమ్మొచ్చు. నాలుగు మడతల బట్టతో వడగట్టి, కాచి, చల్లార్చి స్వరూపకు ఇచ్చాను. "తియ్యగున్నయ్ నాయినా" అంది.

తియ్యగున్నాయట!

ఆగస్టు 14

ఇంట్లో ఉక్కగా ఉందని కొట్టంలో నులక మంచం వేశాను. డ్రమ్ముల పక్కన చల్లగా ఉంటుంది. మధ్యాహ్నం తిన్నాక స్వరూప అక్కడే పడుకుంటుంది. నేను విసనకర్రతో కూర్చుంటాను. ఇవాళ కడుపులో తన్నింది. "చెయ్యి పెట్టు నాయినా" అంది. తండ్రిని, ఎట్లా పెడతాను? సైదమ్మ పెట్టింది. నేను సైదమ్మ చెయ్యి పట్టుకున్నాను. అట్లా నాకూ తగిలింది.

"పగలు గూడ దోమలు కుడ్తున్నయ్" అంది స్వరూప, మడమ గోక్కుంటూ.

"పగటి దోమలతోని ఏం కాదు బిడ్డా. రాత్రికి దోమతెర కట్టిన గదా."

"ఈ డ్రమ్ములు శోభక్క చూసిందా?"

"చూసింది" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ఉత్త మనిషి కూడా కాదు, దాని మనసు నిమ్మళంగా ఉండాలి కదా.

ఆగస్టు 23, శుక్రవారం

స్వరూప ఇంట్లో నిద్రపోతుండగా శోభ వచ్చింది. ఈ వాడలో ఇద్దరికి డెంగీ వచ్చిందట. "కడుపుతోని ఉన్న పిల్ల ఇంట్ల ఉంది, వెనక కొట్టంల ఏమన్న ఉన్నదా పెద్దయ్యా?" అని సూటిగా అడిగింది.

"ఎడ్లు లేని కొట్టంల ఏముంటది బిడ్డా?"

అబద్ధం కాదు. ఎడ్లు లేవు.

వానలు పడి పది రోజులైంది. ఇప్పుడు ఒంపితే మళ్లీ ఎప్పుడు నిండుతాయి? ఆమె బీరన్న దగ్గరికి పోయి టైర్లు ఎత్తి ఎత్తి చూసింది. వాడు, "అన్నిట్కి బొక్కలు పొడిసిన తల్లీ, ఇగ నా కడుపుకే పొడవాలె" అంటే ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆగస్టు 26

స్వరూపకు ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది. ఎండ.

ఆగస్టు 27

జ్వరం. కళ్ల వెనక నొప్పి అంటోంది. ఆర్‌ఎంపీ గోళీ ఇచ్చాడు. పడిశం పట్టడానికి ముందు ఇట్లాగే ఉంటుంది.

ఆగస్టు 28

తగ్గింది! చెమట పట్టింది. గంజి తాగింది. మళ్లీ సాయంత్రం పెరిగింది. అయినా పొద్దున తగ్గింది కదా.

ఆగస్టు 30, శుక్రవారం

నల్గొండ దవాఖాన. డెంగీ.

డాక్టరమ్మ చిన్న వయసు. "ఇంట్లో నీళ్లు నిల్వ ఉంటాయా?" అని అడిగింది. నేను బీరన్న టైర్ల గురించి చెప్పాను. పంక్చర్ షాపు గోడకు గోడ అని చెప్పాను. రాసుకుంది.

టైర్లే అయ్యుండాలి. ఎన్ని బొక్కలు పొడిస్తే మాత్రం, టైరు టైరే.

సెప్టెంబరు 1

ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి. అల్లుడు రక్తం ఇచ్చేవాళ్ల కోసం తిరుగుతున్నాడు. స్వరూప చేతుల మీద ఎర్రని చుక్కలు. నన్ను చూసి నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. సూది ఉంది ఆ చేతికి.

సెప్టెంబరు 2

బయట వినాయకుడి మైకులు. లోపల కడుపులో కదలిక లేదంటున్నారు. పడుకుని ఉంటుంది. పిల్లలు పడుకుంటారు.

సెప్టెంబరు 3

ఆడపిల్ల.

సెప్టెంబరు 5

స్వరూప బతుకుతుందని చెప్పారు. దేవుడా, నీకు వేయి దండాలు. నేను సంతోషించాలి. సంతోషంగానే ఉన్నాను.

ఆ పిల్ల ఊపిరి లేకుండానే పుట్టింది. కృష్ణకాంత్ తువ్వాలలో చుట్టి తెచ్చి నాకిచ్చాడు. ముఖం అచ్చం స్వరూపదే. నేను తువ్వాల కొస పక్కకు జరిపి చూశాను. అట్లా చూడొచ్చో లేదో తెలియదు. కాళ్లు నిటారుగా ఉన్నాయి. రెండూ.

సెప్టెంబరు 7

బట్టల కోసం ఇంటికి వచ్చాను. తెల్లవారకముందే డ్రమ్ములన్నీ ఒంపేశాను. పాత నీళ్లు, వాసన వస్తున్నాయి, అందుకే. కొట్టమంతా బురదయింది. ఎండ వచ్చాక ఆ పురుగులు మట్టి మీద కాసేపు కొట్టుకున్నాయి. డ్రమ్ములు బోర్లించి పైన గడ్డి వేశాను. మూతుల చీరలు పొయ్యిలో పెట్టాను.

వాసన వచ్చినందుకే.

సెప్టెంబరు 10

మలేరియా ఆఫీసు నుంచి ముగ్గురు వచ్చారు. శోభ కూడా. లైటు వేసి అన్నీ చూశారు. కొట్టంలో తడి చూసి శోభ నా వైపు చూసింది. నేను వాళ్లను వాకిట్లో తొట్టి దగ్గరికి తీసుకుపోయాను.

ఎక్కడా దొరకలేదు కాబట్టి టైర్ల వల్లే అయ్యుంటుందని రాసుకున్నారు. ట్రాక్టర్ వచ్చి బీరన్న టైర్లన్నీ ఎత్తుకుపోయింది. వాడలోవాళ్లు ముఖం మీదే తిట్టారు. బీరన్న సాయంత్రం వచ్చి నా కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"లచ్చయ్యా, బొక్కలు పొడిసిన్నే. అన్నిట్కి పొడిసిన. ఏదో ఒకటి ఇడిసిపెట్టినట్టున్న. నన్ను మన్నించే."

వాడి భుజం మీద చెయ్యి వేశాను. అంతే చేశాను.

సెప్టెంబరు 12

స్వరూప ఇంటికి వచ్చింది. గోడ వైపు తిరిగి పడుకుంటుంది. పాలు వస్తున్నాయట. సైదమ్మ చెప్పింది. చెప్పి, పొయ్యి దగ్గరికి పోయింది.

"డ్రమ్ములేవి?" అని అక్కడినుంచే అడిగింది. ఆమెకు తెలుసు. అడుగుతోంది, అంతే.

సెప్టెంబరు 19

ఏమీ లేదు.

సెప్టెంబరు 26, గురువారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

వియ్యపురాలు బక్కమ్మ, కృష్ణకాంత్ వచ్చారు, స్వరూపను తీసుకుపోవడానికి. బీరన్న సంచులు మోస్తానని వచ్చాడు. వద్దన్నా వచ్చాడు. బక్కమ్మ చెడ్డ మనిషి కాదు. ఆమెకూ మనవరాలే. కడుపు మంట. చెంబెడు నీళ్లు తాగి మొదలుపెట్టింది.

"తొమ్మిదో నెల దాక ఆగవె అని నెత్తీ నోరూ కొట్టుకున్న. ఇన్నదా? పుట్టిల్లు పుట్టిల్లు అని ఉరికొచ్చింది. మా దిక్కే ఉంటే పిల్ల దక్కుతుండె. ఇగ తొమ్మిదేండ్లు ఆగాలె మళ్ల."

"అమ్మా, ఊకో" అన్నాడు కృష్ణకాంత్.

"నేనెందుకు ఊకుంట? ఎవరికి చెప్పుకోను?"

స్వరూప తల వంచుకుని, "నాదే తప్పు అత్తమ్మా" అంది. చాలాసార్లు అన్న మాటలా, అలవాటైన గొంతుతో అంది. ఇరవై రోజులుగా ఫోన్‌లో అదే అంటోందని నాకు అప్పుడు తెలిసింది. నేను పిలిచానని ఒక్కసారి కూడా చెప్పలేదు. నా బిడ్డ నన్ను తిట్టనియ్యకుండా తానే తింటోంది.

"అది దానంతట అది రాలే చెల్లెమ్మా. నేను పిలిపించిన" అన్నాను. "ఫోన్ చేసి ఏడ్సిన."

అందరూ నా వైపు చూశారు. అక్కడితో ఆగొచ్చు. ఆగితే సగం చెప్పినవాడిని. నేను ఆగలేదు. వాన నీళ్లు పట్టడం, పురుగులు చూసి మురిసిపోవడం, డ్రమ్ముల పక్కనే మంచం వెయ్యడం, శోభ అడిగితే కొట్టంలో ఏముంటదనడం, పిల్ల పోయాక తెల్లవారకముందే ఒంపెయ్యడం, డాక్టరమ్మకు టైర్లని చెప్పడం, అన్నీ చెప్పాను. బీరన్న చేతిలో సంచి కింద పెట్టాడు. "ఓరి లచ్చయ్యా" అన్నాడు. మళ్లీ తీసుకుని బయటికి పోయాడు.

కృష్ణకాంత్, "ఎన్ని డ్రమ్ములు మామా?" అన్నాడు.

"ఏడు."

తల ఊపాడు. ఇంకా అడిగితే బాగుండేది. కొట్టినా బాగుండేది.

స్వరూప లేచి నా దగ్గరికి వచ్చింది. ఇరవై రోజుల తర్వాత నా కళ్లలోకి చూసింది. "శోభక్క చూసిందన్నవ్ గదా నాయినా" అంది.

"అన్న."

"నేనడిగిన. చూసిందన్నవ్."

"అన్న బిడ్డా."

బక్కమ్మ లేచి వచ్చి దాని భుజం చుట్టూ చెయ్యి వేసింది. "లే బిడ్డా, పోదాం. నీ తప్పేం లే" అంది. స్వరూప ఆ భుజం మీద పడి గట్టిగా ఏడ్చింది. పురుడు అయినప్పటి నుంచి అది ఏడవడం నేను చూడలేదు. సైదమ్మ గడప దాకా పోయింది. నేను పోలేదు. కారు తిరిగిన చప్పుడు విన్నాను.

సెప్టెంబరు 27

శుక్రవారం. శోభ వచ్చింది. అంతా చెప్పాను. మలేరియా ఆఫీసు వాళ్లకు కూడా రాసి ఇస్తానన్నాను, బీరన్న పేరు తియ్యమని. ఆమె కాగితం ఇచ్చింది. రాశాను. చదివి మడతపెట్టి, "ఆ దినం తడి చూసిన పెద్దయ్యా. పిల్ల పోయినోళ్లని ఎట్ల అడగాలె అని అడగలే. నిన్ను కొట్టం సంగతి అడిగిన శుక్రవారమే లోపలికి పోవాల్సింది" అంది. ఆమె కూడా ఏడ్చింది. నా తప్పులో ఆమెకు వాటా లేదని చెప్పాను. నమ్మిందో లేదో.

అక్టోబరు 2

బీరన్న మాట్లాడటం లేదు. వాడి టైర్లు వాడికి తెచ్చి ఇచ్చారు. అది మంచి వార్త.

అక్టోబరు 11

ఫోన్ మోగితే నేనే ఎత్తాను. స్వరూప. "అమ్మకియ్యి" అంది. ఇచ్చాను.

అక్టోబరు 20, ఆదివారం

ఇవాళ మళ్లీ చేసింది. సైదమ్మ స్నానం చేస్తోంది కాబట్టి నేనే ఎత్తాను. నిజానికి ఆమె బయటికి వచ్చింది, అయినా నేనే ఎత్తాను. గొంతు బాగుంది. నీరసం లేదు. వెనక కుక్కర్ విజిల్ వినబడింది, అంటే వంట చేసుకుంటోంది, అంటే లేచి తిరుగుతోంది. బక్కమ్మ ఎవరితోనో మాట్లాడుతూ మధ్యలో, "స్వరూపా, తిన్నవా?" అని అడగడం కూడా వినబడింది. ఎంత మంచి మాట! చెవిలో పెట్టుకున్నాను.

"అమ్మకియ్యి నాయినా" అంది.

మొన్న 'అమ్మకియ్యి' అని మాత్రమే అంది. ఇవాళ 'నాయినా' అంది. సైదమ్మను అడిగాను, విన్నావా అని. ఆమె చెవికి ఫోన్ పెట్టుకుని, నన్ను పొమ్మని చెయ్యి ఊపింది.

నేను విన్నాను. నాయినా అంది.